నేతన్నకు ముందు చేతిలో పడాల్సింది
(జాతీయ చేనేత దినోత్సవం నాడు బిష్టుపూర్‌లో మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. దాని గుర్తుగా 2015 నుంచి ఈ రోజును చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

మనలో చాలామందివి శ్రీకాకుళం, విజయనగరం మూలాలు. ఇక్కడి రామమందిరానికి పొందూరు పంచె కట్టుకొచ్చే పెద్దల్ని చూసే ఉంటారు. ఆ పంచె కోసం పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేస్తారు. ఆడవాళ్లు చేత్తో నూలు వడుకుతారు. ఆ తర్వాతే మగ్గం పని. అలాంటి బట్ట కొనేటప్పుడు "ఇంకో రెండొందలు తగ్గించండి" అంటాం. నేనూ అన్నాను.

తక్కువ ధరే నేతన్న కష్టానికి కారణమనుకునేవాణ్ణి. కొత్తగా ఆఫీసరైన రోజుల్లో, ఆంధ్రాలో ఒక బ్రాంచిలో ఉండగా, చీరలు నేసే ఒకాయన లోనుకు వచ్చారు. ప్రతిసారీ ఏదో ఒక కాగితం తక్కువైందని మూడుసార్లు తిప్పాను. నాలుగోసారి ఆయన రాలేదు. మనసాగక ఇంటికి వెళ్తే, గుంట మగ్గంలో కూర్చునే చెప్పారు: "మగ్గం ఖాళీగా ఉంటే ఇల్లు గడవదు బాబూ. షావుకారు దగ్గర నూలు తెచ్చుకున్నాను. ఇక చీరలన్నీ ఆయనకే, ఆయన చెప్పిన కూలికే."

వర్కింగ్ క్యాపిటల్ అంటే ఏమిటో ఎంబీఏలో చదివాను. అర్థమైంది మాత్రం ఆ రోజే.

ఫెయిర్ ట్రేడ్ అనే పద్ధతి ఈ ముడినే విప్పుతుంది. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థకు పది సూత్రాలున్నాయి. వాటి ప్రకారం, ధర ఇరువైపులా మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. హస్తకళల ఆర్డరుకు, చేసేవారు అడిగితే, కనీసం సగం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. ఆ సొమ్ము చేతిలో ఉంటే నూలు తనే కొనుక్కుంటారు. ధర అడిగే ధైర్యం వస్తుంది. మన పొరుగున కుచాయిలో టస్సర్ పట్టు మీద బతికేవారికీ ఇదే వర్తిస్తుంది.

2019-20 లెక్కల ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షల పైచిలుకు. వారిలో 70 శాతానికి పైగా మహిళలే.

ఇంట్లోవారికి ఒక మాట. చేనేతైతే హ్యాండ్లూమ్ మార్కు, ఖద్దరైతే ఖాదీ మార్కు చూసి కొనండి. నేసినవారి దగ్గరే కొంటే బేరం మానండి, బాకీ పెట్టకండి.

సహోద్యోగులకు ఇంకో మాట. నేత కార్మికులకు 6 శాతం వడ్డీకి ముద్రా రుణం ఇచ్చే పథకం మన చేతిలోనే ఉంది. కావలసిన కాగితాలన్నీ మొదటి రోజే చెప్పేయండి. నేను చెప్పలేదు. ఆ మగ్గం షావుకారు పాలైంది.