వార్డులో నర్సు ఏం చూస్తుంది?

బొంరాస్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా జబ్బు ముదిరితే తాండూరు జిల్లా ఆసుపత్రికో, వికారాబాద్‌కో తీసుకుపోతాం. వార్డులో డాక్టరు రౌండ్స్‌కు వచ్చిపోతారు. రాత్రీపగలూ మంచం దగ్గరికి వచ్చేది మాత్రం నర్సే. జ్వరం, నాడి, బీపీ, శ్వాస, ఆక్సిజన్, రోగికి తెలివి ఉందా లేదా, అన్నీ చూసి కేస్ షీటులో రాస్తుంది.

వీటిలో మనం పట్టించుకోనిది శ్వాస. పెద్దవాళ్లు నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. పరిస్థితి విషమించేటప్పుడు, బీపీ పడిపోకముందే చాలాసార్లు ఈ లెక్క పెరుగుతుంది. లెక్కపెడుతున్నామని చెబితే రోగి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే అనుభవమున్న నర్సు నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, నిమిషంపాటు ఛాతీని గమనిస్తుంది. యంత్రాలెన్ని వచ్చినా ఈ పనికి నేను కంటినే నమ్ముతాను.

వేలికి పెట్టే ఆక్సీమీటరు కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ తెలిసింది. గోళ్లకు రంగున్నా, చేతులు చల్లబడినా అది తప్పు చూపవచ్చు.

ఒక్క అంకెకన్నా, నిన్నటికీ ఇవాళ్టికీ వచ్చిన తేడా ముఖ్యం. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఈ కొలతలకు మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. మొత్తం 7 గానీ అంతకుమించి గానీ అయితే అత్యవసరమే. 2017లో దాన్ని సవరించి, కొత్తగా మొదలైన అయోమయానికీ మార్కులు చేర్చారు. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన అవ్వ ఇవాళ మనవణ్ణి గుర్తుపట్టకపోతే అది వయసు పనేనని సరిపెట్టుకోకండి. తెల్లారేదాకా ఆగకుండా నర్సుకు చెప్పండి.