బధిర విద్యార్థులకు ఆన్‌లైన్ పాఠం

సంజ్ఞా భాష చేతుల్లోనే ఉండదు. ముఖకవళికలు, కనుబొమ్మల కదలిక కూడా దాని వ్యాకరణంలో భాగమే. అందుకే ఆన్‌లైన్ తరగతిలో బోధించేవారు నడుము నుంచి తల వరకు తెర మీద కనిపించాలి. వెలుతురు ఎదుటి నుంచి పడాలి. వెనుక కిటికీ ఉంటే ముఖం నల్లబడుతుంది. నెట్ మందగిస్తే వేళ్ల కదలిక అలుక్కుపోతుంది. వినేవారికి అది చికాకు, బధిర విద్యార్థికి పాఠమే పోయినట్లు.

వీడియో కాల్ యాప్‌లు సాధారణంగా శబ్దం వచ్చినవారినే పెద్దగా చూపిస్తాయి. సైగ చేసేవారికి ఆ గౌరవం దక్కదు! కాబట్టి వారి వీడియోను పిన్ చేసి ఉంచాలి. స్లైడు చదువుతూ సైగలు చూడడం ఏ కళ్లకూ సాధ్యం కాదు. చదువుకునే వ్యవధి ఇచ్చాకే బోధన సాగాలి. క్యాప్షన్లు ఉపయోగమే కానీ సంజ్ఞా భాషకు బదులు కావు. దాని వాక్య నిర్మాణమే వేరు.

ఈ బోధనకు తోడ్పడే వనరులూ ఉన్నాయి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల వీడియో నిఘంటువు సిద్ధం చేసింది. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ విద్యా ప్రసారాల కార్యక్రమమైన పీఎం ఈ-విద్యలో 31వ ఛానల్‌ను సంజ్ఞా భాషకే కేటాయించారు. నెట్ అందని ఇంట్లోనూ దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ డీడీ ఫ్రీ డిష్ ఉంటే ఆ ఛానల్ పాఠాలు టీవీలో చూడవచ్చు.