సామర్లకోటలో చేసిన పనికి ఎడింబరోలో గౌరవం

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నేను మన ప్రాంతానికి చెందిన ఒక పాత విషయం మనవి చేస్తాను.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండు దేశస్థుడు, వైద్యుడు. 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు వచ్చాడు. 1781లో సామర్లకోట చేరి అక్కడ తోట వేశాడు. మిరియాలు, నీలిమందు, మల్బరీ వంటివి పెంచి చూశాడు. రాజమహేంద్రవరం సర్కారులో మన రైతులు చెరకు పండించి బెల్లం వండే తీరు రాసిపెట్టాడు. కరువు వచ్చినప్పుడు జనానికి తిండి దొరకాలంటే కొబ్బరి, అరటి, పనస విరివిగా నాటించాలని సలహా ఇచ్చాడు. ధవళేశ్వరం ఆనకట్టకు అరవై ఏళ్ల ముందు మాట ఇది.

1791లో ఎడింబరో రాయల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది. అటువంటి సభల్లో సభ్యత్వం దరఖాస్తు పెడితే వచ్చేది కాదు. ఉన్న సభ్యులు ప్రతిపాదించి ఎన్నుకోవాలి. అందుకే దానికి అంత విలువ. అప్పటికి ఆయన మన మధ్యనే ఉన్నాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధికారిగా వెళ్లాడు.

కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండనులో వెలువడింది. అందులో బొమ్మలు 300. వాటికి మూలచిత్రాలు గీసింది మన దేశపు చిత్రకారులే. గ్రంథం మీద రాక్స్‌బర్గ్ పేరుంది. బొమ్మలు గీసినవారి పేర్లు లేవు. నోటు రాసేది గుమాస్తా, సంతకం దొరగారిది! ఆ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే ఆయన ఒక న్యాయం చేశాడు. మొక్కలకు తెలుగువారు పిలిచే పేర్లు అడిగి, రాసిపెట్టాడు. జ్వరానికి వాడే సోమిద చెట్టు బెరడును పరీక్షించి, 1793లో దానిపై పుస్తకమే ప్రకటించాడు. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్యూ ఆ చెట్టుకు ‘సోయిమిడా’ అన్న శాస్త్రీయ నామమే స్థిరపరిచాడు. అది మన సోమిదే! బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు శాస్త్రీయ నామం చివర ఈనాటికీ రాక్స్‌బర్గ్ పేరు పొట్టి అక్షరాలలో ఉంటుంది. చెట్టును చూపించి పేరు చెప్పిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

రాక్స్‌బర్గ్ గౌరవానికి అర్హుడే, సందేహం లేదు. కాని ఆ గౌరవంలో మనవాళ్ల వాటా కూడా ఉందని మన పిల్లలకు తెలియాలి. కాలేజీలో ‘సోయిమిడా’ అని వల్లించే మనుమడికి సోమిద అంటే తెలియదు. తెలిసినవాళ్లం మనం, డెబ్బయి దాటినవాళ్లం. మనతోపాటే ఆ పేర్లూ పోతాయి.

కాబట్టి నాదొక ప్రతిపాదన. సభ్యులు ఒక్కొక్కరూ తమ ఊరి చెట్లు, మొక్కల పేర్లు పదేసి, వాటి వాడుకతో సహా, కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వాలి. ఎవరు చెప్పారో ఆ పేరు కూడా రాయాలి. తల్లి చెప్పినా, పాలేరు చెప్పినా సరే. ఫైలు సరిగా ఉంచడం మనకు చేతనైన పనే కదా!