ఇంటి భాష వేరని ఊరుకోవద్దు

బళ్ళారి, సిరుగుప్ప, రాయచూరు ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదువుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. వీధిలో ఆడుకుంటూ వాళ్ళు కన్నడం ఎప్పుడు పట్టుకున్నారో కన్నతల్లికి కూడా తెలియదు. చాలామందికి చదువు కూడా అలాగే వచ్చేస్తుంది. అక్కడక్కడ ఒక బిడ్డ మాత్రం మూడో తరగతికి వచ్చినా నాలుగు వాక్యాలు కూడబలుక్కోలేడు. బడిలో అడిగితే, "ఇంట్లో తెలుగు కదమ్మా, అందుకే" అంటారు. ఇంట్లో అడిగితే, "మాది తెనుగిల్లు గదా సార్, కన్నడం వానికి ఎక్కల్లేదు" అంటారు. రెండు వైపులా ఒకే జవాబు దొరికాక ఇక ఆ బిడ్డ సంగతి ఎవరూ చూడరు.

ఆ జవాబు కొన్నిసార్లు నిజమే. ఒకటో తరగతిలో, రెండో తరగతి మొదట్లో తడబాటు ఉంటుంది. పైగా మన లిపుల్లో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలవుతాయి. కన్నడ బడిపిల్లల చదువును పరిశీలించి సోనాలి నాగ్ గారు 2007లో ప్రచురించిన పరిశోధన కూడా, అక్షరాలన్నీ పట్టుబడడానికి ఏళ్ళు పడుతుందనే చెప్పింది. కాబట్టి ఆరేళ్ళ బిడ్డ ఒత్తు మరచిపోయాడని కంగారు పడనక్కరలేదు.

మరి అది భాష వల్ల వచ్చిన చిక్కా, చదవడంలోనే ఉన్న చిక్కా? తల్లిదండ్రులు ఇంట్లోనే కొంత గమనించవచ్చు. తెలుగులో ఒక కథ చెప్పి, తిరిగి చెప్పమనండి. వరుస తప్పకుండా చెప్పగలిగితే తెలివికి లోటు లేదన్నమాట. స్నేహితులతో కన్నడంలో ధారాళంగా పోట్లాడుతున్నాడా? అయితే కన్నడం రాకపోవడం కాదు. ఇప్పుడు ఐదారు తెలుగు అక్షరాలు రోజుకు పది నిమిషాల చొప్పున కొన్ని వారాలు నేర్పి చూడండి. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్ళే గనుక ఇది తేలికే కావాలి. నిన్న వచ్చిన అక్షరం ఇవాళ కొత్తగా కనిపిస్తూ, దీర్ఘం, ఒత్తు రెండు లిపుల్లోనూ జారిపోతూ ఉంటే, నెపం ఇంటి భాష మీద వేయకూడదు. దీన్నే డిస్‌లెక్సియా అని అనుమానించాలి. అలా కాక తెలుగులో మాటలు కూడా ఆలస్యంగా వచ్చి, పిలిస్తే పలక్కపోతుంటే ముందు చెవులు చూపించాలి. బోర్డు మీది అక్షరాలు కనబడక వెనకబడిన పిల్లలూ ఉన్నారు. కళ్ళ పరీక్ష ఎలాగూ చేయించాల్సిందే.

ఇక బడికి వెళ్ళి అడగడం. చాలామంది తల్లులు గేటు దగ్గర మేష్టారు కనిపించినప్పుడు, "మావాడు కొంచెం మొద్దు సార్, చూసుకోండి" అని చెప్పి వచ్చేస్తారు. ఆ మాట వల్ల బిడ్డకు మేలు జరగదు, ఒక పేరు మాత్రం అంటుకుంటుంది. కాగితం మీద రాసి ఇవ్వండి. వాడు ఏం చేయగలడో, ఎక్కడ ఆగిపోతున్నాడో అందులో ఉండాలి. "నోటితో అడిగితే కూడికలు, తీసివేతలు చేస్తాడు. అదే లెక్క పుస్తకంలో ఉంటే చదవలేడు. బోర్డు మీదిది ఎక్కించుకోవడానికి మిగతావాళ్ళకంటే రెండింతలు సమయం పడుతుంది." ఇలాంటి మాటలు ఉపాధ్యాయుడికి పనికివస్తాయి. కన్నడం రాయడం రాకపోతే తెలిసినవారితో రాయించండి. తేదీ వేసి ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చి, ముట్టినట్టు నకలు మీద సంతకం తీసుకోండి. తాలూకా వనరుల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నియమించిన ఉపాధ్యాయులుంటారు, వారికి చూపించమని ఆ కాగితంలోనే కోరండి.

ఇది దయ అడగడం కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ ఇబ్బందికి చోటు లేదు. 2016 చట్టం దీన్ని నిర్దిష్ట అభ్యసన వైకల్యం పేరుతో చేర్చింది. ప్రభుత్వ నిధులో, గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు దీన్ని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన చేసేలా చూడాలని 16వ సెక్షను చెబుతోంది. "మా బడిలో కుదరదు, టీసీ తీసుకెళ్ళండి" అని ఎవరైనా అంటే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి ముగిసేదాకా బిడ్డను బడినుంచి తీసివేయరాదని మర్యాదగానే గుర్తు చేయండి.

సర్టిఫికెట్టు సంగతి వేరు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్ళు నిండాకే అది ఇవ్వాలన్నాయి. పద్నాలుగో ఏట, పద్దెనిమిదో ఏట మళ్ళీ పరీక్షించాలని అవి చెప్పాయి. మానసిక నిపుణుడి దగ్గర కూర్చున్నప్పుడు ఒక విషయం తప్పక చెప్పండి: "మా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం." ఒక్క ఇంగ్లీషులోనే చదివించి తేల్చేస్తే ఫలితం తలకిందులు కావచ్చు. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన డాలి అనే పరీక్ష తొలి విడతలో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలకు వచ్చింది. కన్నడ పరీక్షతో పాటు తెలుగులో మాట్లాడించి కూడా చూడమని అడగడంలో తప్పు లేదు.

సర్టిఫికెట్టు వచ్చేదాకా తరగతి గదిలో చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, ప్రశ్నను ఒకసారి చదివి వినిపించడం, కొన్ని జవాబులు నోటితో చెప్పనివ్వడం, నలుగురి ముందు గట్టిగా చదవమనకపోవడం, వీటికి ఏ ఉత్తర్వూ అవసరం లేదు. తప్పు రాసిన మాటను ఇరవైసార్లు రాయించడం మాత్రం మానాలి. ఆ శిక్షతో చెయ్యి నొప్పి పెడుతుంది, అక్షరం నిలవదు. తోటి ఉపాధ్యాయులు నొచ్చుకున్నా ఈ మాట చెప్పక తప్పదు.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. బోర్డు పరీక్షలో అదనపు సమయం గాని, రాసిపెట్టే సహాయకుడు గాని కావాలంటే, సర్టిఫికెట్టు జతచేసి బడి ద్వారానే దరఖాస్తు పంపాలి. హాల్ టికెట్టు వచ్చాక పరుగెత్తితే కుదరదు. బడి తెరిచిన మొదటి నెలలోనే ప్రధానోపాధ్యాయుడిని కలిసి, గడువు ఎప్పుడో అడిగి రాసిపెట్టుకోండి.