చీటీ లేని ఇల్లు



మీరిచ్చే జకాత్ ఎవరికి చేరాలన్నది ఇన్నాళ్లూ మసీదు పెద్దల మాట మీదే నడిచింది. ముతవల్లీ సాహెబ్ చీటీ రాస్తే మేము మారు ప్రశ్న వేసేవాళ్లం కాదు. అది తప్పని అనము. ఎవరింట పొయ్యి వెలగలేదో అడగకుండానే వారికి తెలిసేది. చెయ్యి చాచలేని వాళ్ల పేర్లు వారి దగ్గరే ఉండేవి.

ఇప్పుడు మొహల్లాలో అద్దె ఇళ్లు పెరిగాయి. పని కోసం వచ్చినవాళ్లు ఏ జమాత్ పుస్తకంలోనూ ఉండరు. వాళ్ల సంగతి అలా ఉంచండి. పోయిన ఏడు మన మొహల్లా సోదరే ఒకరు, భర్త వదిలేసిన మనిషి, ఇద్దరు పిల్లల ఫీజు కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. పంచాయితీలో పెద్దల తీర్పుకు ఒప్పుకోలేదని ఆమెకు చీటీ దొరకలేదు. ఆ కాగితం నాలుగు నెలలు మా బీరువాలోనే ఉండిపోయింది. ఆ తప్పు మాది.

1880 నాటి ఖాజీల చట్టం ఖాజీకి న్యాయాధికారం ఇవ్వలేదు; నికాహ్‌కు ఆయన ఉండి తీరాలనీ అనలేదు. ఫత్వాకు చట్టబలం లేదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా జనం ఖాజీ దగ్గరికి వెళ్తున్నారు, నమ్మకం కొద్దీ. చట్టం ఖాజీకే ఇవ్వని అధికారాన్ని మేము ఒక చీటీకి ఇచ్చాం!

ఈ ఏటి నుంచి చీటీ లేకపోయినా ఇరుగుపొరుగు ఇద్దరి మాట, మా సభ్యురాళ్లు ఇంటికి వెళ్లి చూసి చెప్పే సంగతి చాలు. కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. కమిటీలో కూర్చోమని వారినే అడిగాం, సరేనన్నది ఒక్కరే. ఆ పిల్లల ఫీజు జూన్‌లో కట్టాం. పోయిన ఏటి బాకీ ఇంకా ఉంది.