తనంతట తాను ఆగే యంత్రం

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) స్థాపించిన ఎ.ఎస్. రావు గారిని తలచుకోవడానికి కూడిన సభలో ఆయన జీవిత విశేషాలు మళ్లీ ఏకరువు పెట్టనక్కర్లేదు. ఆటోమేషన్ చరిత్రలో ఆవిరి యంత్రపు గవర్నరూ, ఫోర్డు కన్వేయరూ విద్యార్థుల పుస్తకాల్లో ఉన్నవే. వాటిని దాటి ముందుకు పోదాం.

ఈ వక్త ఏళ్ల తరబడి కాగితాలు తిరగేసింది మన దేశంలో 1956 నుంచి 1978 దాకా నడిచిన ఆటోమేషన్ కథ కోసం. 1956 ఆగస్టు 4న ముంబై దగ్గర ట్రాంబేలో అప్సర అణు రియాక్టర్ పని మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్‌ది, నియంత్రణ పరికరాలు రావు గారి ఎలక్ట్రానిక్స్ బృందానివి. రియాక్టర్‌లో న్యూట్రాన్ల జోరు హద్దు దాటితే, మనిషి చూసి మీట నొక్కేదాకా ఆగే వ్యవధి ఉండదు. కొలిచే పరికరమే రిలే అనే విద్యుత్ స్విచ్చుకు కబురు పంపాలి, న్యూట్రాన్లను మింగే కడ్డీలు లోపలికి దిగిపోవాలి. కరెంటు పోయినా అదే జరగాలి.

ఇదే సూత్రం హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో ఏ షెడ్డులోనైనా కనిపిస్తుంది. మెయిన్ కట్టేయించి, మోటారు స్టార్టరు మూత తీయించుకుని చూడండి. పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్ అనే పెద్ద రిలే కాయిల్‌కు కరెంటు అంది మోటారు తిరుగుతుంది. అప్పుడే పక్కనున్న చిన్న కాంటాక్టు మూసుకుంటుంది కనుక, వేలు తీసినా కాయిల్ పట్టు వదలదు. ఎర్ర బటన్ ఆ దారిని తెంచుతుంది. కరెంటు పోతే కాయిల్ తనే వదిలేస్తుంది. తిరిగొచ్చినా మోటారు దానంతటది తిరగదు. ఈలోగా లేత్ దగ్గర చెయ్యిపెట్టిన కార్మికుడికి ప్రాణాపాయం తప్పుతుంది.

మన దేశానికి ఆటోమేషన్ 1991 తర్వాత దిగుమతైన పీఎల్‌సీలతోనే (ప్రోగ్రామ్ రాసి యంత్రాలను నడిపించే కంట్రోలర్లతోనే) వచ్చిందని వాదించే పండితులున్నారు. వాళ్లతో ఈ వక్తకు పాత తగాదా. అమెరికాలో తొలి పీఎల్‌సీ, మోడికాన్ 084 వెలువడింది 1969లో. ట్రాంబేలో రూపుదిద్దుకుని ఈసీఐఎల్ చేతికొచ్చిన టీడీసీ-12 కంప్యూటర్‌దీ ఆ ఏడాదే. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316, 1978లో మైక్రో-78. అవి కొన్నే, ఖరీదైనవే అంటారు, నిజమే. కానీ పీఎల్‌సీలో రాసే, నిచ్చెనలా కనిపించే ల్యాడర్ బొమ్మ రిలే సర్క్యూట్‌ను చూసి గీసిందే. రిలే ప్యానెళ్లు వైరింగ్ చేసిన చేతులు ఈసీఐఎల్‌లోనూ, దాని చుట్టూ వెలిసిన చిన్న యూనిట్లలోనూ ముందే ఉన్నాయి. పీఎల్‌సీ అనే కొత్త పెట్టె వచ్చేనాటికి దాని భాష వాళ్లకు తెలుసు. ఆ మనుషుల్ని వదిలేసి, పెట్టె దిగిన తేదీతో చరిత్ర మొదలుపెట్టడం అన్యాయం.

సమయం మించిపోతోంది. నియంత్రణ వ్యవస్థలైన డీసీఎస్, స్కాడా, ఇంకా రోబోల సంగతి మీ గురువులు చెబుతారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. 2017 నవంబరు 29 నుంచి ఉప్పల్ మీదుగా ప్రయాణికులతో నడుస్తున్న హైదరాబాద్ మెట్రోలో, రైలు తానెక్కడుందో రేడియోలో చెబుతూ ఉంటుంది. ముందున్న రైలుకు ఎంత ఎడం ఉండాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. తలుపుల పని చూసుకోవడానికి ఆపరేటర్ ఉంటాడు. ఆ రేడియో సంబంధం తెగితే, రైలు బ్రేకు వేసుకుంటుంది.