వానరశాలల మరమ్మతు



ఖమ్మము మొదలుకొని భద్రాచలము వఱకుఁ గల యడవి యంచు గ్రామములలో ఏ రచ్చబండ యొద్ద నలుగురు చేరినను కోతుల ప్రసంగము రాక మానదు. మొక్కజొన్న కంకి పాలు పట్టుటయే తడవు, మందలు దిగుచున్నవి. ఇంటి పెంకు నిలుచుట లేదు. ఆంజనేయుని పరివారమని చేతులు జోడించు పెద్దయే తన పెరటిలో కఱ్ఱ పట్టుకొని కావలి యుండవలసి వచ్చుచున్నది. అందుచే "పట్టించి బోనులో వేయింతము" అను మాట పుట్టుట సహజమే. కాని ఆ బోను ఎట్లుండవలయును, కట్టిన పిదప దానిని బాగుగా నిలుపువా రెవరు అని విచారించువారు అరుదు. నేఁటి ప్రసంగమునకు అదియే విషయము.

మన రాష్ట్రమున నిర్మల్ సమీపమున చించోలి వద్ద 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్ర మొకటి తెఱవఁబడినది. పట్టి తెచ్చిన కోతికి సంతాననిరోధ శస్త్రచికిత్స చేసి, కొన్నాళ్లు కనిపెట్టి, మరల విడుచుట దాని యుద్దేశము. హిమాచల ప్రదేశమువారు ఈ త్రోవను మనకంటె ముందు నడచిరి. కావున ఇట్టి శాల ఆసుపత్రి వంటిదే కాని చెఱసాల కాదు. రోగులు వచ్చుచుఁ బోవుచు నుందురు. గోడలు, తలుపులు మాత్రము ఏండ్ల తరబడి నిలువవలయును.

మొదట ఏ కోతికో తెలిసికొనవలయును. గోదావరికి దక్షిణమున టోపీ కోతి, ఉత్తరమున ఎఱ్ఱమూతి కోతి యని ప్రాణిశాస్త్రజ్ఞులు పూర్వము హద్దు గీచిరి. ఇటీవలి దశాబ్దములలో ఎఱ్ఱమూతిది ఏఱు దాఁటి క్రిందికి వ్యాపించుచున్నది. టోపీ కోతికి తోఁక పొడవు, నెత్తి వెండ్రుకలు టోపీవలె నమరియుండును. రెండవదానికి తోఁక పొట్టి. ఈ రెంటిని ఒక్క దొడ్డిలోఁ గలుపరాదు. కొండముచ్చు మఱియు వేఱు. అది ముఖ్యముగా ఆకులు తిని బ్రతుకునది. రొట్టెలు, తియ్యని పండ్లు మితిమీఱి పెట్టినచో దాని కడుపు చెడును.

ఇఁక మరమ్మతు. మన యడవి సీమలో వానకాలమున నేల తడి యాఱదు. తీఁగెవల నేలను తాఁకుచోటనే మొదట త్రుప్పు పట్టును. మేస్త్రీలు కంటి యెత్తునఁ జూచి పోవుదురు కాని వంగి చూడరు. మేస్త్రి ఏఁడాది కొకసారి వచ్చి బిగువు చూచును, కోతి ప్రతిదినము చూచును! కావున మరల తలలు దాని చేతికి అందని వైపున నుండవలయును. తెగిన తీఁగె కొసలు లోపలికి మిగులరాదు. సీసము గలిసిన రంగు పూయుట విషము పెట్టుటయే, ఏలయనఁగా కోతి దేనినైనను నాకి చూచును. పని ముగిసిన దినమున మేకులను లెక్క పెట్టి తీసికొని పోవలయును.

ద్వారములు రెండుండవలయును, వెలుపలిది మూసిన గాని లోపలిది తెఱవరాదు. దొడ్లును రెండుండిన మేలు. ఒకదానిని బాగుచేయునపుడు మంద రెండవదానిలో నుండును. మందను చీల్చరాదు. వానిలో తల్లుల వంశమునుబట్టి పెద్దఱికము నడచును. విడఁదీసి మరలఁ గలిపినచో వరుస చెడి ఒండొంటిని కఱచుకొనును. పడక గదికి గచ్చు నేల, వాలు వెలుపలి కాలువకు. శుభ్రము చేయునపుడు పెంట నంతయు నెత్తివేసి, నీటఁ గడిగి, అటుపిమ్మట బ్లీచింగు పొడి నీరు చల్లవలయును. పెంట మీఁదనే చల్లిన పొడి వ్యర్థము.

1907లో జర్మనీలోని హాంబర్గు సమీపమున కార్ల్ హాగెన్‌బెక్ అనునతఁడు ఇనుప కమ్ములకు మాఱుగా కందకములు త్రవ్వి మృగములను చూపెను. అది చదివి మనవారు కొందఱు నీటి కందకము చాలు నందురు. ఎఱ్ఱమూతి కోతి చక్కగా ఈఁదఁగలదు. కందకము వెనుక పట్టు దొరకని నునుపు గోడ యుండవలయును. దానిపైకి వ్రాలు కొమ్మలను ఏటేట నఱకవలయును.

కావలివాఁడు క్షయరోగి కారాదు. మనుష్యుని క్షయ కోతికి అంటును. కోతి కఱచినను, రక్కినను గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యుని యొద్దకుఁ బోవలయును. పసుపు పెట్టి యూరకుండరాదు.

పూర్వులు గుడి కట్టి యూరకుండలేదు. దీపమునకు నూనె యెక్కడినుండి వచ్చునో యోచించి మాన్యము వ్రాసిరి. నేఁడు ప్రారంభోత్సవమునకు దొరకు ధనము మూఁడవ యేఁట తీఁగె మార్చుటకు దొరకదు. అట్టి శాల మన సీమకు వచ్చునని ఎవరైనఁ జెప్పినచో, గ్రామసభలో లేచి, ఏటేట మరమ్మతునకు ఎంత, అది ఎవరి పద్దున వ్రాయఁబడును అని అడుగుఁడు. ప్రత్యుత్తరమును కాగితముమీఁదఁ దీసికొనుఁడు.